బర్రెకు కొన్న పేరు

మా ఆయనకు రెండు పేర్లు. ఒకటి మా అత్త లస్మవ్వ పెట్టింది, ముత్యం. రెండోది మా మామ ఒక పాడిబర్రెను ఇచ్చి కొన్నది, మొగిలి. కన్నతల్లి పెట్టిన పేరుకు మా ఇంటి నాలుగు గోడల మధ్య తప్ప చలామణి లేదు. బర్రెకు కొన్న పేరుకు మాత్రం బొగ్గుబాయిలో ఉద్యోగం ఉంది, కాలనీలో క్వార్టర్ ఉంది, బ్యాంకులో ఖాతా ఉంది. మా కొడుకు రాయమల్లు బడి సర్టిఫికెట్‌లో తండ్రి పేరు కూడా అదే. వాడికి అసలు సంగతి చెప్పలేదు. నాయనమ్మ ముద్దుకు ముత్యం అని పిలుచుకుంటుందని అనుకునేవాడు.

ఇదేదో లోకంలో లేని వింత అనుకోకండి. గోదావరిఖనిలో మారుపేరు మీద బాయిలో దిగిన వాళ్లు మా వరుసలోనే ఇంకా ఉన్నారు. ఎవరి సంగతి ఎవరూ ఎత్తరు. మా సంగతి ఇదీ: ఎర్రగుంటపల్లి మొగిలికి బొగ్గు నింపే పని వచ్చింది. మొదటి షిఫ్టులోనే కొంచెం అవతల పైకప్పు కూలిందట. బొగ్గు ఎత్తే తట్టా, చెమ్మసు పారా అక్కడే పారేసి పైకొచ్చాడు. "కూలి జేసుకోని బతుకుత గని గా చీకట్ల సావ" అని ఊరికి పోయాడు. ఆ మాట మా మామ చెవిన పడింది. బర్రెను తోలుకుపోయి మొగిలి తండ్రి రాజయ్య కొట్టంలో కట్టేసి, పని కాగితం పట్టుకొచ్చాడు. ఫొటోలు చూసి మనుషుల్ని పోల్చుకునే రోజులు కావవి. తెల్లారేసరికి మా ఆయన రాజయ్య కొడుకు మొగిలి అయి బాయిలో దిగాడు.

అప్పటి నుంచి ఆఫీసు వాళ్లు ఎవరు పిలిచినా దొరికిపోయామనే అనుకునేదాన్ని. మా ఆయన అయితే తలెత్తడమే మరిచిపోయాడు. ఓవర్‌మన్ తల్లిని పెట్టి తిట్టినా, గుమస్తా హాజరు వెయ్యక ఒకపూట కూలి మింగినా, యూనియన్ వాడు చందా రెండుసార్లు గుంజినా, "ఊరకున్నంత ఉత్తమం లేదు" అని ఊరుకునేవాడు. మాకున్న ఆశ ఒక్కటే. ఒళ్లు ఆగినన్నాళ్లు చేసి, దవాఖానలో డాక్టర్లు ఇక పనికి రాడని అన్‌ఫిట్ రాస్తే, ఆయన ఉద్యోగం రాయమల్లుకు వస్తుంది. బాయి పనివాళ్లకు ఆ రోజుల్లో పొలమైనా ఆస్తయినా అదే. ఆ ఒక్క దానికోసమే మేం నోరు మూసుకుని బతికాం.

అలాంటి మనిషి బ్యాంకు మీద కోర్టుకెక్కాడు.

జీతాలు చేతికిచ్చే పద్ధతి పోయి బ్యాంకులో వేసే పద్ధతి వచ్చింది. ఖాతాలు తెరిచే రోజు బ్యాంకు వాళ్లు బాయి మీదికే వచ్చి టెంటు వేసుకుని కూర్చున్నారు. "మీ ఖాతాల ఒక్క పైసా ఉంచకున్నా ఏం కాదు, ఫికర్ చెయ్యకున్రి" అని మైకులో చెప్పారు. సరేనని అందరూ సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. జీతం పడిన నాడు లైను కట్టి మొత్తం తెచ్చుకునేవారు. బాయి మనిషి ఇంట్లో నెలాఖరుకు మిగిలేది అప్పే కదా. రెండేళ్లు గడిచాక తెలిసింది, ఖాతా ఖాళీ చేసినందుకు నెలనెలా కొంత కోసుకుంటున్నారని. అడిగితే రూల్ అన్నారు. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకుంటాం?

అందరూ తిట్టుకున్నారు, కల్లు తాగి మరింత తిట్టుకున్నారు, మరునాడు డ్యూటీకి పోయారు. మా ఆయన మాత్రం తిట్టలేదు. అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి అలాగే ఉండిపోయాడు.

"ఏమైంది?" అన్నాను.

"పై అధికారులు తిట్టిన్రు, పడ్డ. వాళ్లు చేసింది తప్పని నాకెర్కే, అయినా పడ్డ. ఎందుకు? నాదే తప్పున్నది కాబట్టి. గీ బ్యాంకుల నా తప్పేమున్నదే? చెమట నాది. గిది నిజంగ నాది."

నాకు అప్పుడే చెడు శకునంలా అనిపించింది. నిజంగా నాది అనే మాట మా ఇంట్లో అంతకుముందు ఎవరూ అనలేదు.

మా పక్క క్వార్టర్‌లో ఫరీద్ ఉండేవాడు. వర్క్‌షాపులో ఫిట్టర్. ఇంట్లో దక్కనీ మాట్లాడి, గడప దాటితే మాతో తెలుగులో కొట్లాడేవాడు. మంచివాడే, కాకపోతే ఎవరికైనా న్యాయం జరిపించకపోతే ఆయనకు అన్నం అరగదు. కరీంనగర్‌లో వినియోగదారుల కోర్టు అని ఒకటి పెట్టారని పేపర్లో చదివి పరుగెత్తుకొచ్చాడు.

"వకీల్ గికీల్ ఏమద్దు మొగిలన్నా. ఫీజు లేదు, ఏం లేదు. తెల్ల కాగితం మీద రాసిస్తె సాలు. నేను రాస్త, నువ్వు సంతకం పెట్టు. జల్ది పెట్టు, మళ్ల నీకు భయమైతది."

ఫరీద్‌కు మా పేరు సంగతి తెలియదు. నేను వంటింట్లోంచి సైగ చేశాను. కళ్లతో బతిమాలాను. మా ఆయన చూసి కూడా చూడనట్టు కలం తీసుకుని, మొగిలి, తండ్రి రాజయ్య, ఊరు ఎర్రగుంటపల్లి అని నింపి సంతకం పెట్టాడు.

ఫరీద్ వెళ్లాక నా నోరు ఆగలేదు. "కొరివితోని తల గోక్కుంటున్నవ్. బ్యాంకు నిన్ను ఊకె ఇడుస్తదా? నీ ఖాతా తీస్తది, ఖాతాల పేరు తీస్తది, పేరు పట్టుకోని ఊరికి పోతది. తీగ గుంజితె డొంకంత కదులుతది. రాయమల్లు గతేంగావాలె?"

"గా ఊరికి ఎవ్వడు పోతడే? బ్యాంకోనికి గంత తీరిక ఉన్నదా?" అన్నాడు. అని, మెల్లగా, "ఒక్కసారన్న తలెత్తనియ్యవే" అన్నాడు. కోపమూ జాలీ రెండూ వచ్చాయి. లేచి గిన్నెలు తోముకున్నాను.

కోర్టు నోటీసు అందిన వారానికే బ్యాంకు మేనేజరు స్కూటర్ మీద మా కాలనీకి వచ్చాడు. తెల్ల చొక్కా, నవ్వు ముఖం. నులక మంచం మీద కూర్చోమంటే కూర్చోకుండా గోడలకేసి చూశాడు. గోడ మీద మా ఆయన ఫొటో చూశాడు, మా అత్తను చూశాడు.

"మొగిలీ, నీది నీకిప్పిస్తా. కాగితం వెనక్కి తీసుకో. ఒకడికిస్తే బాయి మొత్తం వస్తుంది, అదీ మా బాధ. లేదంటే మా వకీలు వస్తాడు. ఆయన ఊరుకునే రకం కాదు, మనిషి పుట్టుపూర్వోత్తరాలన్నీ తవ్వుతాడు."

బ్యాంకుల వాళ్లు అందరితోనూ అలాగే అంటారని తర్వాత షాహీదా, అదే ఫరీద్ భార్య, చెప్పింది. కానీ ఆ పూట ఆ మాట మా ముగ్గురికీ వేరేలా వినబడింది. మా అత్త చేతిలో తమలపాకు కింద పడింది. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఇప్పుడు ఒప్పుకుంటాడు, ఇప్పుడు ఒప్పుకుంటాడు అని చూస్తున్నాను.

"అందరికీ ఇస్తరా సార్?" అన్నాడు మా ఆయన.

మేనేజరు నవ్వు పోయింది. స్కూటర్ కాలితో తన్ని వెళ్లిపోయాడు. ఆనాటి నుంచి మా వాకిట్లో ఏ స్కూటర్ ఆగినా తలుపు సందులోంచి చూసేదాన్ని. ఎర్రగుంటపల్లి వైపు నుంచి వచ్చే కూరగాయల వాళ్ల దగ్గర బేరం చేయడం కూడా మానేశాను.

కోర్టు వాళ్లు ప్రమాణపత్రం అడిగారు. రాజయ్య కొడుకు మొగిలినని, చెప్పేదంతా నిజమని దేవుని సాక్షిగా రాసి నోటరీ ముందు సంతకం పెట్టాలి. ఫరీద్ దాన్ని పైకి చదువుతుంటే మా అత్త వింది. ఫరీద్ వెళ్లాక తలుపు గొళ్లెం పెట్టి వచ్చి కొడుకు ముందు కూలబడింది.

"బిడ్డా ముత్యం, జీతం కాగితం మీద వేరేటోని కొడుకునని రాసుకున్నవ్. కడుపు కోసం గదా అనుకున్న. ఇయ్యాల దేవుని మీద ఒట్టేసి జెప్తవారా, మీ అయ్య నీకు అయ్య గాడని?"

ఆయన లేచి గొళ్లెం తీసి బయటికి పోయాడు. మరునాడు పోయి సంతకం పెట్టి వచ్చాడు. ఆ తర్వాత పెత్రామాస వచ్చింది. చనిపోయిన పెద్దల పేరు చెప్పి బియ్యం, కూరగాయలు ఇచ్చుకునే పండుగ. ఏటా మా ఆయనే పళ్లెం పట్టేవాడు, లోగొంతుతో తండ్రి పేరు తలిచేవాడు. ఈసారి మా అత్త ఆయన చేతుల్లోంచి పళ్లెం లాక్కుంది. తనే జంగమయ్యకు ఇచ్చి, తనే మా మామ పేరు చెప్పింది. మా ఆయన వాకిట్లో నిలబడి చూశాడు. ఇంత చేశాక ఇక వెనక్కి తగ్గడని ఆ క్షణాన నాకు అర్థమైంది.

కరీంనగర్ బస్సులో వాయిదాలకు తిరిగాం. ప్రతిసారీ ఏదో ఒక వంక మీద వాయిదా పడేది. ఆఖరి వాయిదాకు నేను, షాహీదా కూడా పోయి వెనక బెంచీ మీద కూర్చున్నాం. బ్యాంకు వకీలు పొట్టివాడు, మాట మెత్తన.

"నీ పేరు?"

"మొగిలి."

"తండ్రి పేరు?"

"రాజయ్య."

"సొంతూరు?"

"ఎర్రగుంటపల్లి."

వకీలు అక్కడ ఆగి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఇంకొక్క మాట అడిగితే మా బతుకు ముగిసింది అనుకున్నాను. ఆ ఊళ్లో మీ ఇల్లు ఏ వాడలో ఉందంటే ఈయన ఏం చెబుతాడు? ఇంటి పక్కన ఎవరుంటారంటే? నేను షాహీదా చెయ్యి పట్టుకున్నాను. తను నా భయమంతా కేసు గురించే అనుకుని, "కుచ్ నై హోతా అక్కా, ఏం కాదు" అంది. వకీలు కళ్లద్దాలు పెట్టుకుని, ఖాతా తెరిచిన కాగితం మీద సంతకం నీదేనా అని అడిగాడు. రూల్ కింద ఉంది, చదువుకోలేదా అన్నాడు.

అప్పుడు మా ఆయన గొంతు లేచింది. ఆ గొంతు ఆయనకు ఉందని నాకూ తెలియదు.

"మైకుల ఒకటి జెప్పి, కాగితం మీద ఇంకోటి రాసుకున్నరు సార్. నా పేరు మీద ఉన్నదాన్ని నన్నడుగకుంట ఎట్ల తీసుకుంటరు? జరంతే గదా అంటరు. జరంతా, గంపెడా అని కాదు. అడుగాల్నా, వద్దా?"

పైన కూర్చున్న పెద్దాయన తలూపి రాసుకున్నాడు. వెనక బెంచీలో ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగారు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. పెళ్లయినప్పటి నుంచి నా మొగుణ్ని చూసి గర్వపడ్డది ఆ రోజే. ఆ గర్వంతో పాటే భయం కూడా వేసింది. ఎందుకో చెప్పలేను.

కేసు గెలిచాం. కోసుకున్నదంతా వడ్డీతో తిరిగివ్వాలనీ, ఖర్చులు కూడా ఇవ్వాలనీ తీర్పు వచ్చింది. బాయి మీద పెద్ద పండుగే చేశారు. మా ఆయన్ను లారీ ఎక్కించి మెడలో దండ వేశారు. మొగిలన్న జిందాబాద్ అని కేకలు. నాలుగు రోజులు మా ఆయన నిటారుగా నడిచాడు. తిట్టే ఓవర్‌మన్ కూడా "రా మొగిలీ" అన్నాడట. నేనే అనవసరంగా భయపడ్డానేమో అనిపించింది. రాయమల్లు నాయిన్ను చూసి మురిసిపోయాడు. "మా నాయిన మొగిలి" అని దోస్తులందరికీ చెప్పుకున్నాడు.

ఫరీద్‌కు అది చాలలేదు. తనకు తెలిసిన విలేఖరికి చెప్పి పేపర్లో వేయించాడు. "మొగిలన్నా, పేపర్ల పడ్డవ్!" అని పేపరు ఊపుకుంటూ వచ్చాడు. రాయమల్లు చదివి వినిపించాడు. ఎర్రగుంటపల్లికి చెందిన రాజయ్య కుమారుడు మొగిలి అనే కార్మికుడు బ్యాంకుపై గెలిచాడు అని మొదలైంది. నా పేరు మీద ఉన్నదాన్ని నన్నడుగకుండా ఎట్లా తీసుకుంటరు అని కోర్టులో ఆయన అన్న మాట పెద్ద అక్షరాల్లో వేశారు. ఊరి పేరు వినగానే నేను మా ఆయన వైపు చూశాను. మా ఆయన ఆ కాగితాన్ని నెమ్మదిగా మడిచి, నా ముఖం చూడకుండా డ్యూటీకి పోయాడు.

బ్యాంకుకు తీరిక లేకపోవచ్చు. పేపర్‌కు అన్ని ఊళ్లకూ పోయే తీరిక ఉంటుంది.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరు వచ్చారు. ఒక ముసలామె, వెంట ముప్పయి లోపు పిల్లవాడు. ఆమె చేతులకు గాజుల్లేవు, నుదుట బొట్టు లేదు. గడప మీద కూర్చుని మంచినీళ్లడిగింది. తాగి చెంబు నాకిచ్చి నన్ను పైనుంచి కింది దాకా చూసింది. పిల్లవాడు చెప్పులు విడిచి, మా ఆయనకు వంగి దండం పెట్టాడు.

"నా పేరు సదయ్య, కాకా. మాది ఎర్రగుంటపల్లి. మొగిలి కొడుకును."

మా అత్త గోడకు జారగిలబడింది. రాయమల్లు నస్పూర్‌లో కాపురమున్న వాడి అక్క ఇంటికి పోయి ఉన్నాడు, అదొక్కటే ఆ పూట దేవుడు చేసిన మేలు అనుకున్నాను.

"మీ నాయిన బాగున్నడా?" అని మా ఆయన ఎలాగో అడిగాడు.

"పోయి రెండేండ్లాయె. పంతులు పేపర్ సదివి మా అవ్వతోని నవ్వులాటకన్నడు, నీ పెనిమిటి బ్యాంకు మీద గెలిచిండే అని. అవ్వ రెండొద్దులు అన్నం ముట్టలే."

ముసలామె అప్పుడు నోరు విప్పింది. నాతోనే చెప్పింది. "మొగడు సచ్చిండని నేను గాజులు పలగ్గొట్టుకున్న, బిడ్డా. ఆయన పేరేమో నీ ఇంట్ల దండలేసుకోని తిరుగుతున్నది. ఎవ్వరికి జెప్పుకోవాలె నేను?"

నేను కొంగు లాక్కుని నా గాజులు కప్పుకున్నాను. సిగ్గేసింది. ఆ సిగ్గుకే కోపం వచ్చింది. "ఊకెనే తీసుకోలే మేము. పాడిబర్రెనిచ్చి తెచ్చుకున్నం" అన్నాను.

"మా తాతకిచ్చిన్రు, చిన్నమ్మా. ఆ బర్రె కరువుల పోయింది. నౌకరి పోలే గదా." సదయ్య గొంతు పెంచలేదు. నేనిచ్చిన చాయ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించాడు. అది చూస్తే నాకు మరింత భయమేసింది. "కోర్టుల మీరన్న మాట మా ఊరందరికీ నోటికొచ్చింది, కాకా. పేరు మీద ఉన్నదాన్ని అడుగకుంట ఎట్ల తీసుకుంటరని. గంత మంచి మాట మాకెవ్వలూ చెప్పలే. నేనైతే అడుగనీకే వచ్చిన."

"ఏమడుగుతవ్?"

"మీరు అన్‌ఫిట్ అయినంక మొగిలి నౌకరి మొగిలి కొడుక్కు రావాలె. మొగిలి కొడుకును నేనే గదా. సర్పంచ్ గూడ గదే రాసిచ్చిండు. మా నాయిన సచ్చిన సర్టిఫికెట్ గూడ పంచాయితీల ఉన్నది. దాన్ని కంపెనోళ్లకు చూపిచ్చేటంత అవుసరం నాకేమున్నది?"

మా ఆయన నేల వైపు చూస్తున్నాడు. బ్యాంకు మేనేజరు ముందు, వకీలు ముందు లేచిన ఆ తల మళ్లీ ఎప్పటి లాగే వంగిపోయింది. అబద్ధం చెప్పినప్పుడు దొరకలేదు. జీవితంలో ఒక్కసారి న్యాయం మాట్లాడినందుకు దొరికిపోయాడు.

"సరే బిడ్డా" అన్నాడు. "నీకే రాయిస్త."

నేను ఊగిపోయాను. "ఏంది సరే? నా కొడుకు ఏం గావాలె? గీ ఇంట్ల వానికని ఉన్నదొక్కటే!"

"కాదంటె నేను బయటికే, నువ్వు బయటికే, వాడూ బయటికే. ఏం జెయ్యమంటవే?" అన్నాడు. తర్వాత ముసలామె వైపు చూసి, "వీళ్లది వీళ్లడుగుతున్నరు. నేను కోర్టుల అడిగింది గిదే గదా" అన్నాడు.

సదయ్య లేచి మా అత్త కాళ్లకు మొక్కాడు. తల్లిని లేపుతున్నాడు. వాళ్లు గడప దాటకముందే రాయమల్లు వచ్చాడు. సాయంత్రం బస్సుకు రావలసినవాడు లారీ దొరికిందని ముందే వచ్చేశాడు. చేతిలో అక్క పంపిన సీతాఫలాల సంచి. చుట్టాలనుకుని నవ్వుకుంటూ అందరికీ దండాలు పెట్టాడు.

"ఎవ్వలు నాయినా వీళ్లు?"

నేను నోరు తెరిచేలోపే మా ఆయన చెప్పాడు. పందొమ్మిదేళ్లుగా ఏ కాగితం మీదా రాయలేని నిజం ఆ నోటి నుంచి మొదటిసారి వచ్చింది.

"ఈ పిల్లగాడు మొగిలి కొడుకు."

రాయమల్లు ఒకసారి సదయ్యను చూశాడు, ఒకసారి తండ్రిని చూశాడు. నాయిన వేళాకోళం చేస్తున్నాడనుకున్నాడు పిచ్చివాడు. సంచి కింద పెట్టి గట్టిగా నవ్వాడు.

"గట్లయితె నేనెవరి కొడుకును?"